ఎడమ పక్క పిల్లనగ్రోవి

కోవిల్‌పట్టి
8 జూన్ 2008

ఎదురింటి ప్రభాకరన్ బావకి,

నాకు చెవినొప్పి ఏమీ లేదు, బాగానే ఉండా. నీ చెవి తూటు పెద్దదా, చిన్నదా, నడిమిదా? అది మాత్రం చెప్పు. ఎందుకని అడగొద్దు.

నువ్వు నేర్పినట్టే ఊరు పేరు పైన వేసినా, తారీఖు వేసినా. ఇంగ్లీషు అక్షరాలతో మన తెలుగు మాట ఫోన్‌లో కొట్టడం నీ దగ్గర నేర్చుకున్నదే. ఒక్క జాబు ఐదు మెసేజ్‌లుగా తునిగి వస్తుంది. వరుసగా పెట్టి చదువుకో.

మీ అమ్మ, గురువమ్మాళ్ అత్త, కొళాయి దగ్గర అందరికీ చెప్తా ఉంది, "నా కొడుకు మగ్గం పట్టినాడు" అని. ఆవణి నెల ఒకటో తారీఖుకి నీకు నాలుగు కరెంటు మగ్గాలు చూసుకునే పని ఇస్తారో, మళ్ళీ కండెలు చుట్టేదానికి పంపుతారో తేలిపోతుందంట కదా. ఇస్తారు బావా. నీకు ఇవ్వకుంటే ఎవరికి ఇస్తారు.

నేను చెనక్కాయ మిఠాయి పనిలోనే ఉండా. పాకం చెయ్యి మీద పడి మానిపోయింది.

పొన్నుసామి అణ్ణాచ్చి ఫోన్ సామాన్ల అంగడికి మూడు తడవలు పోయి ఏమీ అడగకనే తిరిగి వచ్చినా. మూడో తడవ ఆయనే "ఏం కావాలి తంబీ?" అన్నాడు. ఎదురుగా కనిపించిన బ్యాటరీ ఒకటి కొనుక్కొని వచ్చేసినా. మా ఇంట్లో ఆ బ్యాటరీ పట్టే వస్తువే లేదు.

రెండేళ్ళు సాత్తూరు అగ్గిపెట్టెల పనికి ఒకే బస్సులో పోయినాము. నీ పాత ఇయర్‌ఫోన్‌లో ఎడమది నీకు, కుడిది నాకు. నువ్వు ఎప్పుడూ నాకు ఎడమ పక్కనే కూర్చునేవాడివి. ఆ సీట్లో ఎవరైనా ఉంటే లేపి మరీ కూర్చునేవాడివి. విరుదునగర్ పోయేటప్పుడు దాన్ని నాకే ఇచ్చేసి పోయినావు. ఇప్పుడు నీ దగ్గర ఏమీ లేదు. అది గుర్తుకు వచ్చింది, అంతే. వేరే ఏమీ లేదు.

చెవి సంగతి మరచిపోవద్దు.

ఇసక్కిరాజా


విరుదునగర్
11 జూన్ 2008

ఒరే ఇసక్కీ,

చెవి తూటు కొలిచేదానికి ఇక్కడ దర్జీ ఎవరూ లేడు. అగ్గిపుల్ల పెట్టి చూసుకున్నా, లోపలికి పోయింది. అంతకు మించి నాకు తెలియదు.

ఎందుకని అడగొద్దంటావు, కింద నాలుగు మెసేజ్‌లలో అంతా కక్కేస్తావు. నీకు రహస్యం చెప్పేవాడు మునిగిపోయినట్టే. కొనొద్దు. పాత చెప్పులకు గుడ్డ కట్టుకొని తిరుగుతున్నావని అమ్మ చెప్పింది. ముందు కాళ్ళకు చెప్పులు కొనుక్కో.

ఇక్కడ పని పరవాలేదు. పాల్‌పాండి మేస్త్రి అని ఒక పెద్దాయన. మాట తక్కువ, చూపు ఎక్కువ. "మగ్గం ఒకే మాట చెప్తా ఉంటే పోగు బాగున్నట్టు. మాట మారిందంటే పోగు తెగినట్టు. కళ్ళు నాలుగు తావుల్లో పెట్టలేవు, చెవి పెట్టు" అంటాడు. నిజమేరా. అంత గోలలో కూడా ఒక్క మగ్గం మాట మారితే తెలిసిపోతుంది. నేను ఇంకా నేర్చుకుంటా ఉండా. ఆవణి దాకా పరీక్షే.

మరి, నీ అంగడి అణ్ణాచ్చిని బెదరగొట్టొద్దు.

ప్రభా


కోవిల్‌పట్టి
22 జూన్ 2008

ప్రభా బావకి,

కొనేసినా. తిట్టొద్దు.

నాలుగో తడవ పోయినప్పుడు అంగడిలో ఎవరూ లేరు. అదే మంచిదయింది. "నా ఫ్రెండుకి. మంచిది. చెవి లోపలికి పోయేది" అన్నా. అంతే మాటలు, ఆ మూడూ ఇంటి దగ్గర నుంచి చెప్పుకుంటా పోయినా. అణ్ణాచ్చి రెండు రకాలు బయట పెట్టినాడు.

"ఇది అందరూ కొనేది. ఇది ఇంకొంచెం పైది. నీ ఫ్రెండు ఏం పని చేస్తాడు?"

"మగ్గం షెడ్డు."

"అయ్యో, అక్కడ ఈ మొదటిది పెట్టుకుంటే పాట కాదు, మగ్గమే పాడుతుంది. రెండోది పెట్టుకో చూడు."

పెట్టుకున్నా బావా. బస్టాండు ఎదురుగానే ఉంది, హారన్లు, టికెట్ అరుపులు, అన్నీ ఒక్కసారిగా ఎవరో గోనెసంచి కప్పినట్టు పోయినాయి. తరువాత పాట వచ్చింది. మనం బస్సులో వినేదే, పడవ పాట. రెండేళ్ళు విన్న పాటలో మొదటి నుంచే పిల్లనగ్రోవి ఉందని నాకు ఆ రోజే తెలిసింది. మొదట్లో ఎడమ పక్క వస్తుంది, ఒంటరిగా. తవిల్ డోలు కుడి పక్క ఉంటుంది. నడిమిలో పిల్లనగ్రోవి లేచి తల మీదుగా కుడి పక్కకు పోతుంది. నిజంగా తల తిప్పి చూసినా. అణ్ణాచ్చి నవ్వినాడు.

మన పాత దాంట్లో ఎడమది నీ చెవిలోనే ఉండేది కదా. అంటే రెండేళ్ళూ మొదట్లో వచ్చే ఆ పిల్లనగ్రోవి నువ్వొక్కడివే విన్నావు. ఒక్క మాట చెప్పి ఉండకూడదా!

దాంతో మూడు కొలతల మెత్తటి టోపీలు ఇచ్చినాడు. రబ్బరు కాదంట, సిలికాన్ అంట. నీ అగ్గిపుల్ల లెక్క నాకు అర్థం కాలేదు, అందుకని మూడూ పంపుతా ఉండా. మా మిఠాయి సరుకు బండి రేపు విరుదునగర్ వస్తుంది. మిఠాయి డబ్బాలో అడుగున పెట్టినా. పైన మిఠాయి తినకుండా అడుగుకి పోవద్దు.

మా నాయన పోయిన తరువాత నాతో అంతసేపు ఎవరూ కూర్చోలేదు బావా. నేను మెల్లగా మాటలాడతానని అందరూ "ఏంది? ఏంది?" అని అడిగి విడిచిపెట్టేస్తారు. నువ్వు ఒక్క తడవ కూడా "ఏంది" అనలేదు. ఇది దానికే.

ఇసక్కిరాజా


విరుదునగర్
29 జూన్ 2008

ఇసక్కీ,

డబ్బా వచ్చింది. మిఠాయి షెడ్డు అంతా పంచినా. పాల్‌పాండి మేస్త్రి రెండు తిని మూడోది జేబులో వేసుకున్నాడు.

ఇయర్‌ఫోన్ నిండా బాగుంది. నల్లగా, మెరుస్తా, తీగ కూడా మందంగా ఉంది. ఇంత మంచి వస్తువు నాకు ఎవరూ ఇవ్వలేదు. తవిల్ గుండె మీద కొట్టినట్టే ఉంది. నడిమి కొలత టోపీ సరిపోయింది.

పిల్లనగ్రోవి అన్నావు కదా, నాకు మొదట్లో ఏమీ దొరకలేదు. నడిమిలో ఎక్కడి నుంచో వచ్చింది. నా ఫోన్‌లో పాట ఎక్కించినవాడు వేరేది ఎక్కించినాడేమో. అది పెద్ద విషయం కాదు.

పని ఎక్కువగా ఉంది. మళ్ళీ రాస్తా.

ప్రభా


కోవిల్‌పట్టి
2 జూలై 2008

బావా,

పెద్ద విషయం కాదా? మొదట్లో పిల్లనగ్రోవి లేదంటే ఎడమది చచ్చినట్టే! అంగడిలో నేను విన్నది ఒకటి, అట్టపెట్టెలో పెట్టి ఇచ్చింది ఇంకొకటి. నోరు లేనివాడని నాకు చచ్చిన సరుకు అంటగట్టినాడు.

బండిలో తిరిగి పంపించు. నేను చూసుకుంటా.

ఇసక్కి


విరుదునగర్
3 జూలై 2008

ఇసక్కీ,

ఒద్దురా. ఏమీ చెడిపోలేదు. నువ్వు అంగడికి పోవద్దు. ఆ మాట విడిచిపెట్టు.

ప్రభా


కోవిల్‌పట్టి
9 జూలై 2008

ప్రభా బావకి,

నువ్వు పంపలేదు. నీ గుణం నాకు తెలుసు, నాకు నొప్పి కలుగుతుందని దాస్తా ఉండావు. అందుకని ఉత్త చేతులతోనే పోయినా.

అంగడి నిండా జనం. మొన్న ఆదివారం కదా. నేను మెట్టు మీదే నిలబడి అరిచినా బావా. నేను! "నోరు లేనివాణ్ణి మోసం చేసినారు! ఎడమ పక్క చచ్చిపోయిన దాన్ని ఇచ్చినారు!" అన్నా. నా గొంతు అంత దూరం పోతుందని నాకే తెలియదు. టీ అంగడి వాళ్ళు కూడా లేచి చూసినారు. కళ్ళలో నీళ్ళు కారుతా ఉన్నాయి, అయినా ఆపలేదు.

పొన్నుసామి అణ్ణాచ్చి "వస్తువు తెచ్చినావా?" అన్నాడు. "ఫ్రెండు దగ్గర ఉంది" అన్నా. నన్ను కొంచెంసేపు చూసినాడు. తరువాత లోపలి నుంచి కొత్తది తీసి, నా చెవుల్లోనే పెట్టి, రెండు పక్కలా వినిపించి, చేతిలో పెట్టినాడు. "పాతది ఎప్పుడైనా తెచ్చియ్యి తంబీ" అన్నాడు.

గెలిచినా బావా! జన్మలో మొదటి తడవ! కొత్తది ఈ రోజే బండిలో పంపినా. ఇంగ పిల్లనగ్రోవి వినబడుతుంది, చూడు.

ఇసక్కిరాజా


విరుదునగర్
13 జూలై 2008

ఇసక్కికి,

ఇది ఫోన్‌లో కొట్టలేక కాగితం మీద, తమిళ అక్షరాలతో మన మాట రాస్తున్నా. వేరే ఎవరి చేతా చదివించుకోవద్దు. చేతిరాత నీకు కష్టమే, అయినా అక్షరం అక్షరం కూడబెట్టుకొని నువ్వే చదువు. ఎంతసేపైనా పరవాలేదు.

నువ్వు పంపిన రెండూ బాగున్నాయి. అణ్ణాచ్చి తప్పు ఏమీ లేదు. చచ్చిపోయింది నా ఎడమ చెవి.

ఆరేళ్ళప్పుడు చెవిలో చీము కారింది. అమ్మ వెల్లుల్లి వేసి నూనె కాచి పోసింది. మన ఇళ్ళలో అందరూ చేసేదే. కాకపోతే ఆ రోజు చల్లారకముందే పోసింది. తరువాత ఆ పక్క ఏమీ వినబడలేదు. అమ్మకు చెప్పలేదు. చెప్తే ఆ నూనె గిన్నె ఆమె కళ్ళ ముందు నుంచి జన్మలో పోదు. ఎవరు పిలిచినా తల కొంచెం తిప్పడం అలవాటు చేసుకున్నా. ఎవరికీ తెలియలేదు.

బస్సులో ఎడమది నా చచ్చిన చెవిలోనే పెట్టుకున్నా. ఒక్క పాట కూడా వినలేదురా. నీ కాలు తాళం వేస్తా ఉంటే దాన్ని చూసి తల ఊపేవాణ్ణి. కుడిది పెట్టుకొని ఉంటే పాట వినవచ్చు, కానీ నువ్వు చెప్పేది వినబడదు. నువ్వు మాటలాడేదే ఎప్పుడో ఒక తడవ, అదీ సాత్తూరు ఇంకా నాలుగు మైళ్ళు ఉందనగా మొదలు పెడతావు. మీ నాయన సంగతి, బడిలో కొట్టిన సంగతి, అన్నీ ఆ సీట్లోనే చెప్పినావు. అందుకే ఎప్పుడూ నీకు ఎడమ పక్క కూర్చున్నా, నా కుడి చెవి నీ వైపు ఉండేటట్టు. పాట ఎప్పుడైనా దొరుకుతుంది.

ఇంకొకటి దాచినా. నువ్వు పంపిన మొదటిది షెడ్డులోనే కుడి చెవికి పెట్టుకున్నా. ఆశ ఆగలేదు. మిగతా వాళ్ళు ఒక చెవికి పెట్టుకొని రెండోది మగ్గానికి విడిచిపెడతారు. నాకు ఉన్నదే ఒకటి. నువ్వు చెప్పినట్టే గోనెసంచి కప్పినట్టు అయింది, ఎంత హాయిగా ఉందో. ఆ హాయిలో ఒక మగ్గం మాట మారింది, నాకు తెలియలేదు. పోగు తెగి రెండు గజాల గుడ్డ పాడైపోయింది. పాల్‌పాండి మేస్త్రి వచ్చి నా ఎడమ పక్క నిలబడి మూడు తడవలు పిలిచినాడంట. నేను తిరగలేదు. ఆయన చూసి పోయినాడు. ఆయనకు అనుమానం వచ్చేసింది. ఒక చెవి వాడికి నాలుగు మగ్గాలు ఎవరు ఇస్తారు? ఆవణికి నన్ను మళ్ళీ కండెల దగ్గరికే పంపుతారు. అమ్మ కొళాయి దగ్గర ఏం చెప్పుకుంటుందో అదే నా దిగులు.

ఇది నీ తప్పు అనుకోవద్దు. అనుకుంటే నీతో మాటలాడను.

రెండూ బండిలో పంపుతున్నా. అణ్ణాచ్చికి ఇచ్చేసి, నా పేరు చెప్పి క్షమించమని అడుగు. నా కోసం నువ్వు అంగడి మెట్టు మీద అరిచినావని చదివి, కండెల గదిలోకి పోయి కూర్చొని ఏడ్చినా. నీ గొంతు అంత పెద్దదా? ఒక్క తడవ వినాలని ఉంది.

ప్రభాకరన్


కోవిల్‌పట్టి
20 జూలై 2008

బావా,

నీ కాగితం మూడు రోజులు చదివినా. మొదటి రోజు "చెవి" దాకా వచ్చినా. రెండో రోజు "తాళం" దాకా, మూడో రోజు చివర దాకా. తరువాత పాకం మాడగొట్టి తిట్లు తిన్నా.

ఆ మెట్టు మళ్ళీ ఎక్కాల్సి వచ్చింది. అరిచేదాని కంటే ఇది కష్టంగా ఉంది. ఆ రోజు అరుపు విన్న టీ అంగడి వాళ్ళు అందరూ ఉన్నారు. నేను కూడా అందరూ వినేటట్టే చెప్పినా, "అణ్ణాచ్చీ, మీ సరుకు మంచిదే. తప్పు నాది." నీ చెవి సంగతి మాత్రం వాళ్ళు పోయిన తరువాత, అణ్ణాచ్చి ఒక్కడికే చెప్పినా. చెప్పకుండా క్షమించమని ఎట్ల అడిగేది? కోపం వస్తే నన్ను తిట్టు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"నువ్వు ఏడుస్తా అరిచినావే, ఆ రోజే తెలుసు తంబీ. సరుకు కోసం ఎవరూ అట్ల ఏడవరు. అందుకే కొత్తది ఇచ్చినా."

"దీన్ని తీసుకోండి అణ్ణాచ్చీ, రెండూ."

"ఒకటి తీసుకుంటా. ఇంకొకటి ఇటు ఇయ్యి."

మొదటి దాన్ని విప్పి, తీగలు గోటితో గీకి, రెండు పక్కల తీగల్నీ కలిపి కుడి దాంట్లో అతికించినాడు. ఈయం, అదే సీసం, కరిగి పొగ వచ్చింది. "ఇప్పుడు ఎడమ పాట, కుడి పాట, రెండూ కుడి చెవికే వస్తాయి. పిల్లనగ్రోవి తల మీదుగా ఎగరదు. కానీ ఉంటుంది. మొదటి నుంచీ ఉంటుంది." కూలి ఎంతని అడిగితే "మిఠాయి తెచ్చియ్యి" అన్నాడు.

ఎడమది కత్తిరించేదా అని కూడా అడిగినాడు. ఒద్దన్నా. దాంట్లో ఏమీ రాదు, ఊరికే ఉంటుంది. నువ్వు రెండూ పెట్టుకుంటే ఎవరికీ ఏమీ తెలియదు. నీ సంగతి నువ్వు చెప్తేనే తెలియాలి, ఒక తీగ చూసి తెలియకూడదు.

షెడ్డులో పెట్టుకోవద్దు బావా. బస్సులో పెట్టుకో, పడుకొని పెట్టుకో.

అత్తకు చెప్పను. నీళ్ళు పట్టేటప్పుడు ఆమె ముఖం చూడకుండా బిందె చూస్తా ఉంటా, కానీ చెప్పను.

పాట వినలేదంటివే, రెండేళ్ళు. నేను ఆ పాటలన్నీ నీ పాటలనుకొని విన్నా. వేలు నొప్పి.

ఇసక్కి


విరుదునగర్
17 ఆగస్టు 2008

ఇసక్కీ,

ఈ రోజు ఆవణి ఒకటి. ముందు ఇది చెప్పాలి.

నీ ఇయర్‌ఫోన్ వచ్చి నాలుగు వారాలు అయింది, మేకుకు తగిలించినా, ఇంకా చెవికి పెట్టుకోలేదు. ఎడమది ఊరికే వేలాడుతూ ఉంటే దాన్ని చూసినప్పుడల్లా నీ మాటే గుర్తుకు వచ్చింది, నువ్వు చెప్తేనే తెలియాలి అని. అంత భయస్తుడివి నువ్వే రెండు తడవలు మెట్టు ఎక్కినావు. నేను ఒక్క తడవ ఎక్కలేనా అనుకున్నా. ఉదయం షిఫ్టు మొదలు కాకముందే మేస్త్రి దగ్గరికి పోయి చెప్పేసినా. "నాకు ఎడమ చెవి లేదు. ముందే చెప్పి ఉండాలి."

పాల్‌పాండి మేస్త్రి చెయ్యి చెవికి అడ్డం పెట్టుకొని "గట్టిగా చెప్పురా" అన్నాడు. మళ్ళీ చెప్పినా. ఆయన నవ్వితే పళ్ళు ఉన్నాయని షెడ్డు వాళ్ళకు ఈ రోజే తెలిసింది.

"ఒకటి ఉంది కదరా నీకు! నా రెండూ ఎప్పుడో మగ్గానికే ఇచ్చేసినా. చెప్పులు విడువు."

విడిచినా. మగ్గాల నడిమి నేల మీద నిలబెట్టి, కళ్ళు మూసుకోమన్నాడు. అరికాళ్ళ కింద నేల దడదడమంటా ఉంది. ఆయన సైగ చేస్తే ఎవరో ఒక మగ్గం ఆపినారు. కాలికి తెలిసిందిరా! ఎడమ మడమ కింద ఒక దెబ్బ తగ్గింది. "మూడోది" అన్నా. కళ్ళు తెరిస్తే మూడోదే.

"ఇరవై ఏళ్ళుగా నేను వినేది ఇట్లనే. ఆ రోజు పాట పెట్టుకున్నందుకు కాదు నాకు కోపం, చెప్పులు వేసుకొని పాట పెట్టుకున్నందుకు" అన్నాడు. పాడైన రెండు గజాలు చించి నాకే ఇచ్చినాడు, తువ్వాలు చేసుకోమని.

నాలుగు మగ్గాలు ఇచ్చినాడు. అమ్మకు ఫోన్ చేసి చెప్పినా. నువ్వు కొళాయి దగ్గరికి పోయి విను, ఏం చెప్పుకుంటుందో.

షిఫ్టు అయినాక బస్టాండులో బెంచీ మీద కూర్చొని పడవ పాట పెట్టుకున్నా. మొదట్లోనే ఉంది. ఒంటరిగా వచ్చింది, నువ్వు చెప్పినట్టే. నాకు పద్దెనిమిదేళ్ళు. ఇయర్‌ఫోన్‌లో ఒక పాట మొదటి నుంచి చివర దాకా ఇప్పుడే పూర్తిగా విన్నా. విన్నంతసేపూ నా కాలు దానంతట అదే తాళం వేసింది, నీది చూడకుండానే.

నీకు ఏం చెప్పేది? మనలో మనం థాంక్స్ చెప్పుకోము. అయినా చెప్తున్నా.

ఆ తువ్వాలు గుడ్డలో సగం నీకు. వచ్చే ఆదివారం సాత్తూరులో దిగు, నేనూ వస్తా. అక్కడి నుంచి కోవిల్‌పట్టికి ఇద్దరం ఒకే బస్సులో పోదాం.

ప్రభాకరన్


కోవిల్‌పట్టి
19 ఆగస్టు 2008

ప్రభా బావకి,

కొళాయి దగ్గరికి పోయినా. అత్త బిందె నిండి కారిపోతా ఉన్నా చూసుకోకుండా చెప్తానే ఉంది. నాలుగు మగ్గాలు ఆరు అయినాయి ఆమె లెక్కలో. నేను సరిదిద్దలేదు.

నేను చెప్పులు కొనుక్కున్నా. నీ మేస్త్రి మాట చదివి, విడిచి, ఇంట్లో నేల మీద కళ్ళు మూసుకొని నిలబడి చూసినా. మా వీధిలో మినీబస్సు పోయినట్టు కాలికి తెలిసింది. ఇంకేం తెలియలేదు. మా అక్క చూసి "పిలకాయకు ఏమో అయింది" అంది.

అణ్ణాచ్చికి మిఠాయి ఇచ్చి నీకు మగ్గాలు వచ్చిన సంగతి చెప్పినా. ఇప్పుడు ఆయన అంగడికి పోతే బ్యాటరీ కొనాల్సిన పని లేదు. ఊరికే నిలబడి నాలుగు మాటలు చెప్పి వస్తా. నాలుగే.

ఆదివారం పదింటికి సాత్తూరు బస్టాండులో ఉంటా. బస్సు ఎక్కగానే నేనే ముందు పోయి సీటు పడతా, కిటికీ పక్కది నీకు విడిచిపెట్టి, నీ కుడి చెవి పక్కన నేను కూర్చుంటా. ఎవరైనా వచ్చి కూర్చుంటే లేపుతా, లేపడం ఇప్పుడు నాకు వచ్చు.

నీకు ఉన్న చెవి ఒకటే, మనకు ఉన్న దూరం సాత్తూరు నుంచి కోవిల్‌పట్టి దాకానే. చెప్పు బావా, పాట పెట్టేదా, నేను మాటలాడేదా?

ఇసక్కిరాజా